డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో ఫ్యూయల్ సిస్టమ్ మార్చిన పని: ప్రెషర్ ఎక్కడ పడింది, ఎందుకు పడింది

కారు 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్ ఈజే255, రెండున్నర లీటర్లు, కంపెనీ లెక్కలో 265 హెచ్‌పీ. టర్బో కంపెనీ ఇచ్చిన వీఎఫ్52నే ఉంచాను. ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన కాలిన్ కౌంటీ. ఈ85 (ఇథనాల్ ఎక్కువగా, పెట్రోల్ తక్కువగా కలిసిన ఇంధనం) పోసే బంకు ఇంటికి దగ్గర్లోనే ఉంది కాబట్టి లక్ష్యం కూడా దాన్ని బట్టే పెట్టుకున్నాను: ఈ85 మీద, క్రాంక్ దగ్గర (చక్రాల దగ్గర కాదు, ఇంజిన్ నుంచి బయటికొచ్చే చోట) 380 హెచ్‌పీ. ఈ ఇంజిన్‌ని అంతకు మించి అడగకూడదు. లోపలివి పోత పిస్టన్లు, రింగుల మధ్య గట్లు పలచన. మిశ్రమం లీన్ అయి (గాలికి తగ్గ ఇంధనం లేక) నాక్ (మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలైతే ముందు విరిగేవి ఆ గట్లే.

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లకి ముందే చెప్పాల్సింది ఒకటుంది. పంపు, ఇంజెక్టర్లు పెద్దవి వేసినంత మాత్రాన ఒక్క హెచ్‌పీ కూడా పెరగదు. పవర్ తెచ్చేది బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి), టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడాలన్నది). ఆ రెండూ పెంచినప్పుడు చివరి వెయ్యి ఆర్‌పీఎమ్‌లో కూడా ఇంధనం తక్కువ పడకుండా చూడడమే ఫ్యూయల్ సిస్టమ్ పని. అందుకని ఈ పనిలో నేను మొదట కొన్నది ఇంజెక్టర్లు కాదు, రైలుకి (ఇంజెక్టర్లకి ఇంధనం పంచే గొట్టం) బిగించే ప్రెషర్ సెన్సర్. అది లేకుండా మిగతావన్నీ వేసుకుని ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పని మొదలుపెట్టక ముందు లాగులు, అంటే ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ల అంకెల రికార్డులు, తీశాను. ల్యాప్‌టాప్‌లో రోమ్‌రైడర్ అనే సాఫ్ట్‌వేర్, కారు డయాగ్నస్టిక్ (ఓబీడీ) పోర్టుకి టాక్ట్రిక్స్ కేబుల్. డైనో (కారుని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద మూడో గేర్‌లో 2,500 నుంచి 6,500 వరకు పూర్తి థ్రాటిల్ ఇస్తే, పెట్రోల్ మీదే కంపెనీ ఇంజెక్టర్ల డ్యూటీ సైకిల్ 91 శాతానికి వెళ్తోంది. డ్యూటీ సైకిల్ అంటే ఉన్న వ్యవధిలో ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉంటోందన్న లెక్క. 6,500 దగ్గర క్రాంక్ రెండు చుట్లు తిరగడానికి పట్టేది 18.46 మిల్లీసెకన్లు. అందులో 85 శాతం అంటే 15.7. అది దాటితే సూది పూర్తిగా మూసుకునే లోపే మళ్లీ తెరవమన్న ఆజ్ఞ వచ్చేస్తుంది. ఇక ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగినదానికీ, సిలిండర్‌లో పడేదానికీ పొంతన ఉండదు. 91 అంటే ఇంక వెసులుబాటు లేనట్టే.

ఇంజెక్టర్ సైజు ఊహతో కొనేది కాదు, లెక్క వేసుకుని కొనేది. టర్బో ఇంజిన్ ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు 0.60 పౌండ్ల పెట్రోల్ తాగుతుంది. ఈ85 అయితే 0.85 పెట్టుకోవడం మంచిది. 380ని 0.85తో హెచ్చిస్తే గంటకు 323 పౌండ్లు, అంటే 146.5 కిలోలు. ఈ85 లీటరు బరువు 0.78 కిలోల చుట్టూ ఉంటుంది, కాబట్టి గంటకు 188 లీటర్లు. నాలుగు సిలిండర్లకి పంచితే ఒక్కోదానికి 47 లీటర్లు, నిమిషానికి 783 సీసీ. డ్యూటీ 85 దాటకూడదు కనుక 0.85తో భాగిస్తే 921 సీసీ. అదే 380 పెట్రోల్ మీద అయితే గంటకు 140 లీటర్లు, ఇంజెక్టర్ 685 సీసీ సరిపోయేది. నేను 3 బార్ దగ్గర 1,050 సీసీ ఇచ్చేవి తీసుకున్నాను. డ్యూటీ 75 దగ్గర ఆగుతుంది. ఎలాగూ కొంటున్నాం కదా అని 1,700 సీసీవి వేస్తే ఐడిల్‌లో, ముఖ్యంగా పెట్రోల్ మీద, ఇంజెక్టర్ తెరవాల్సిన సమయం మరీ తక్కువైపోయి, ప్రతి చిమ్ములోనూ పరిమాణం మారుతుంటుంది.

పంపు దగ్గర ఎక్కువమంది పొరపడేది డబ్బా మీద అంకె చూసి. 340 లీటర్లు అని రాసింది 40 పీఎస్‌ఐ ప్రెషర్ దగ్గర, 13.5 వోల్టుల మీద. ఈ కారులో రైలు బేస్ (బూస్ట్ లేనప్పటి) ప్రెషర్ 43.5 పీఎస్‌ఐ, అంటే 3 బార్. రెగ్యులేటర్‌కి (రైలు ప్రెషర్‌ని అదుపు చేసేది) మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచేది) నుంచి వచ్చే సన్న గొట్టం వల్ల బూస్ట్ ఎంత పెరిగితే రైల్లో అంత పెరగాలి. నా బూస్ట్ 3,500 దగ్గర 19 పీఎస్‌ఐ, అంటే రైల్లో 62.5 ఉండాలి. ప్రెషర్ పెరిగే కొద్దీ పంపు ఇచ్చే లీటర్లు తగ్గుతాయి. అందుకే తయారీదారు ఇచ్చిన చార్టులో 65 పీఎస్‌ఐ గీత దగ్గర చూడాలి, 40 దగ్గర కాదు. కావలసిన 188కి పాతిక శాతం కలిపి 235 లీటర్లు అక్కడ వస్తే సరే. 265 తరగతి పంపు ఆ గీత దగ్గర చాలీచాలకుండా ఉంటుంది. కాబట్టి ఈ85కి పనికొచ్చే 340 తెచ్చాను.

కిట్‌లో వచ్చిన చిన్న గొట్టం ముక్కని చాలామంది చూడకుండా తగిలించేస్తారు. నాకు వచ్చినదాని మీద జే30ఆర్9 అని ముద్ర ఉంది. అది ఇంజిన్ బేలో, బయట వాడే ఇంజెక్షన్ గొట్టం. ట్యాంకులో మునిగి ఉండడానికి చేసింది కాదు. లోపొర తట్టుకున్నా పైపొర ఇంధనం పీల్చి ఉబ్బి, క్లాంపు కింద మెత్తబడి జారుతుంది. జారిందా, పంపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, రైల్లో ప్రెషర్ మాత్రం ఉండదు. మునిగి ఉండేచోట జే30ఆర్10 వాడాలి. అడుగు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ కావలసింది నాలుగంగుళాలు. క్లాంపులు కూడా స్క్రూ తిప్పితే పళ్లు గొట్టాన్ని కోసే రకం కాకుండా, అంచులు మడిచి ఉన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లాంపులే వాడాలి.

ట్యాంకు తెరిచే రోజు జాగ్రత్తల్లో ఒకటి ఇక్కడి ఇళ్లకి ప్రత్యేకం. చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజులోనే ఉంటుంది, దాని అడుగున పైలట్ మంట రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది. ఆ గరాజులో ఈ పని చేయకూడదు, తలుపు తీసి ఉంచినా చేయకూడదు. కారుని డ్రైవ్‌వేలోకి తెచ్చి, నాలుగు తలుపులూ తెరిచి, పక్కన పెట్రోల్ మంటల్ని ఆర్పే పౌడర్ సిలిండర్ పెట్టుకుని మొదలుపెట్టాను. ట్యాంకులో ఇంధనం పావు వంతు కన్నా తక్కువ ఉండాలి. ఉన్న ప్రెషర్ దించడానికి వెనక సీటు కింద పంపు కనెక్టర్ ఊడదీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే ఆగిపోయేదాకా వదిలేయాలి. ఆగాక ఇంకోసారి క్రాంక్ చేసి, అప్పుడు బ్యాటరీ మైనస్ తీయాలి.

వెనక సీటు కుషన్ ఎత్తితే కుడివైపు రేకు మూత, దాని కింద ఎనిమిది నట్లతో పంపు అసెంబ్లీ. నట్లు విప్పే ముందు అక్కడ పేరుకున్న మట్టిని వ్యాక్యూమ్‌తో లాగేయాలి, లేకపోతే మూత ఎత్తగానే ఆ ఇసుకంతా ట్యాంకులోకే. అసెంబ్లీని నిటారుగా లాగితే ఫ్లోటు చెయ్యి వంగుతుంది, ఆ తర్వాత ఫ్యూయల్ గేజీ నిజం చెప్పదు. కాస్త పక్కకి వాల్చి తీయాలి.

ఈ కారు నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉన్నది, కాబట్టి వెనక్కి వెళ్లే షాఫ్టు కోసం ట్యాంకు మధ్యలో జీను ఆకారంలో పైకి లేచి ఉంటుంది. పంపు కుడి గుంటలో ఉంటుంది. ఎడమ గుంటలోని ఇంధనాన్ని ఇటు లాగేది ఒక జెట్ పంపు. దానికి మోటారు ఉండదు, రైలు నుంచి తిరిగొచ్చే ఇంధనం వేగమే దానికి బలం. అసెంబ్లీ తిరిగి పెట్టేటప్పుడు ఆ సన్న గొట్టం తగిలించడం మరిస్తే గేజీ పావు చూపిస్తుండగానే కారు ఆగిపోతుంది. ఎడమవైపు ఇంధనం ఉంటుంది, ఇంజిన్‌కి అందదు. ఈ జెట్ పంపు సంగతి ఇంకోసారి వస్తుంది.

కొత్త పంపుని పాత గూటిలో కూర్చోబెట్టడంలో శ్రద్ధ పెట్టాల్సింది మూతికి తగిలే సాక్ దగ్గర. అది తెల్లటి వల సంచి, ఒక చివర ప్లాస్టిక్ గొట్టం. దాన్ని పంపు మూతికి నొక్కి, పళ్లున్న చిన్న రేకు వాషర్‌తో బిగించాలి. సాక్ పొడుగు భాగం ట్యాంకు అడుగున పడుకుని ఉండాలి. కంపెనీ సాక్ ఏ దిక్కుకి తిరిగి ఉందో తీసే ముందే ఫోటో తీసుకున్నాను. ఒక ముప్పై డిగ్రీలు తేడా వచ్చినా అది గూటి గోడకి తగిలి మడత పడుతుంది. మడత పడిన సాక్ ఐడిల్‌లో ఏమీ చెప్పదు, ఇంధనం గట్టిగా లాగినప్పుడు మాత్రం పంపుకి గుటక అందదు. పైమూతకి కొత్త గ్యాస్కెట్, నట్లు ఎదురెదురుగా బిగిస్తూ 4.4 న్యూటన్ మీటర్లు. చేతి బలంతో బిగిస్తే స్టడ్డు తెగుతుంది.

ఇంజెక్టర్ల పని పొడుగే కానీ కష్టం కాదు. మానిఫోల్డ్ తీయకుండా కూడా చేస్తారు, కానీ తీస్తే కింద ఉన్న పాత ఫ్యూయల్ గొట్టాలు కూడా మార్చుకోవచ్చు. ఈ కార్లలో చలి ఉదయాల్లో లోపలికి పెట్రోల్ వాసన వచ్చేది ఆ గొట్టాల క్లాంపుల దగ్గరి నుంచే. కొత్త ఇంజెక్టర్లు పెట్టే ముందు మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూశాను: నాలుగూ 12 ఓమ్‌లకి పైనే. రెండు మూడు ఓమ్‌లు చూపిస్తే అవి తక్కువ ఇంపిడెన్స్ రకం. ఈ ఈసీయూకి నేరుగా కలిపితే లోపలి డ్రైవర్లు కాలిపోతాయి. ఓ-రింగుకి ఒక్క చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి నొక్కాలి, పొడిగా నొక్కితే అంచు తెగుతుంది. కూర్చున్నాక ఇంజెక్టర్‌ని రెండు వేళ్లతో తిప్పి చూడాలి. బిగువుగానే అయినా తిరగాలి. తిరగకుండా పట్టేసిందంటే ఓ-రింగు నలిగిందని అర్థం.

కంపెనీ రెగ్యులేటర్ స్థానంలో స్క్రూతో ప్రెషర్ మార్చుకునేది వేశాను. అలా వేసినప్పుడు పాతదాన్ని దారిలోంచి పూర్తిగా తీసేయాలి. రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటే స్క్రూ ఎంత విప్పినా ప్రెషర్ సరిగ్గా కుదరదు.

లీకు పరీక్షకి తాళం ఆన్ చేసి, ఇంజిన్ తిప్పకుండా పంపుని రెండేసి సెకన్లు నాలుగైదుసార్లు నడిపించాను. ప్రతి కీలు చుట్టూ తెల్ల టిష్యూ కాగితం తిప్పి చూస్తే కంటికి కనపడని చెమ్మ కూడా దొరుకుతుంది. ఒకచోట దొరికింది, ఎడమ రైలు చివర. నట్టు ఇంకాస్త బిగించడం కాదు, విప్పి వాషర్ మార్చడమే సరైన పని.

మొదట 93 ఆక్టేన్ పెట్రోల్ మీదే నడిపాను. ఇంజెక్టర్లు మారాయని ఈసీయూకి చెప్పాల్సినవి రెండు. ఒకటి ఫ్లో స్కేలింగ్, అంటే నిమిషానికి ఎన్ని సీసీ. రెండోది లేటెన్సీ, అంటే కరెంటు అందిన క్షణం నుంచి సూది నిజంగా తెరుచుకునేదాకా వృథా అయ్యే సమయం. ఇది బ్యాటరీ వోల్టేజీతో మారుతుంది కాబట్టి పట్టికలా ఇవ్వాలి. ఇవి ఇచ్చి నడిపితే ఏఎఫ్ లెర్నింగ్ (ఈసీయూ తనంతట తాను ఇంధనంలో చేసుకునే దిద్దుబాటు) ఇలా వచ్చింది: సెకనుకి 5.6 గ్రాముల లోపు గాలి ఉన్న పట్టీలో మైనస్ 14 శాతం, 40 గ్రాములు దాటిన పట్టీలో మైనస్ 1. అంటే ఐడిల్‌లో బాగా రిచ్ (ఇంధనం ఎక్కువ), పైన సరిగ్గానే ఉంది.

ఈ తేడాలోనే జవాబు ఉంది. స్కేలింగ్ తప్పయితే అన్ని పట్టీల్లోనూ ఒకే శాతం తప్పు కనిపించాలి. లేటెన్సీ తప్పయితే తక్కువ పల్స్ దగ్గర ఎక్కువ, పెద్ద పల్స్ దగ్గర తక్కువ కనిపిస్తుంది. ఐడిల్‌లో మొత్తం పల్స్ 1.75 మిల్లీసెకన్లు, అందులో లేటెన్సీ 0.95 తీసేస్తే ఇంధనం పడేది 0.80 సేపే. అందులో 0.11 తేడా అంటే 14 శాతం. అదే 0.11 పన్నెండు మిల్లీసెకన్ల పల్స్‌లో ఒక్క శాతం కూడా కాదు. ఇంజెక్టర్లతో ఇచ్చిన పట్టిక మళ్లీ తీసి చూస్తే, నేను ఎక్కించినది 4 బార్ వరస. రైల్లో ప్రెషర్ ఎక్కువైతే సూది దానికి ఎదురు లేవాలి కాబట్టి ఆ వరసలో లేటెన్సీలన్నీ పెద్దవి. 3 బార్ వరస ఎక్కించాక రెండు రోజుల్లో అన్ని పట్టీలూ మూడు శాతం లోపలికి వచ్చాయి. గాలి కొలిచే మాఫ్ సెన్సర్ పట్టికని ముట్టుకోలేదు. ఇంజెక్టర్ తప్పుని మాఫ్ పట్టికలో సర్దేవాళ్లు ఉంటారు. అలా చేస్తే ఐడిల్ కుదురుతుంది కానీ, ఈసీయూ లోడ్ లెక్క చెడిపోయి టైమింగ్ తప్పు గడిలోంచి చదువుకుంటుంది.

దీని తర్వాతే ట్యాంకు ఖాళీ చేసి ఈ85 పోశాను. బంకు మీద 85 అని రాసి ఉన్నా అమెరికా ప్రమాణం ప్రకారం అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండవచ్చు. చలికాలంలో తగ్గిస్తారు. కొలవకుండా ట్యూన్ చేయకూడదు. సులువైన పరీక్ష ఉంది: గీతలున్న వంద మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 20 మిల్లీలీటర్ల నీళ్లు, పైన 80 ఇంధనం పోసి, మూత పెట్టి బాగా ఊపి పది నిమిషాలు వదిలేయాలి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, పెట్రోల్ పైన తేలుతుంది. కింది పొర 84 గీత దగ్గర నిలబడితే అందులో 64 ఇథనాల్, అంటే 80లో 64, సరిగ్గా 80 శాతం. శాశ్వతంగా అయితే రిటర్న్ లైనులో ఇథనాల్ సెన్సర్ పెట్టాను. అది 50 హెర్ట్జ్ ఇస్తే సున్నా, 150 ఇస్తే నూటికి నూరు. మధ్యలో సరళరేఖ, 130 అంటే 80 శాతం.

ఈ85తో మొదటి డైనో పరుగులోనే అసలు లోపం బయటపడింది. 5,500 దాకా లాంబ్డా (గాలి, ఇంధనం పాళ్ల కొలత; అంకె పెరిగితే లీన్ వైపు) 0.79 దగ్గర గీత గీసినట్టు ఉంది. 6,200 వచ్చేసరికి 0.845. ఆపరేటర్‌కి ముందే చెప్పి ఉంచడంతో ఠక్కున థ్రాటిల్ వదిలేశాడు. గేజీలో పెట్రోల్ లెక్కన, గాలి-ఇంధన నిష్పత్తిగా చూపిస్తే 11.6 నుంచి 12.4కి వెళ్లినట్టు. ఇంజెక్టర్ డ్యూటీ 74, అంటే ఇంజెక్టర్లది తప్పు కాదు. ప్రెషర్ లాగ్ చూశాను. అక్కడ బూస్ట్ 16, కాబట్టి రైల్లో 59.5 ఉండాలి. ఉన్నది 54. రైలు ప్రెషర్‌కీ బూస్ట్‌కీ తేడా 43.5 ఉండాల్సినచోట 38 ఉంది. ఫ్లో ఈ తేడాకి వర్గమూలంలో మారుతుంది: 38ని 43.5తో భాగించి వర్గమూలం తీస్తే 0.935. ఆరున్నర శాతం ఇంధనం తక్కువ. 0.79ని 0.935తో భాగిస్తే సరిగ్గా 0.845 వస్తుంది. అంకెలు ఇలా ఒకదానికొకటి అతికినట్టు కుదిరినప్పుడు ఇంక వేరేచోట వెతకనక్కర్లేదు, పంపు దగ్గరికే వెళ్లాలి.

పంపు కొత్తది, చార్టు ప్రకారం 65 దగ్గర కూడా చాలాలి. కాబట్టి దానికి అందే కరెంటు చూశాను. లోడ్ మీద ఆల్టర్నేటర్ దగ్గర 14.1 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 11.9. దారిలో రెండు వోల్టులకు పైగా పోతోంది. క్లాంపు మీటర్ పెడితే పంపు లాగుతున్నది 12 ఆంపియర్లు. కంపెనీ సన్న వైరు అంత కరెంటుకి వేసింది కాదు. వోల్టేజీ తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, పై ప్రెషర్‌లో ఆ నెమ్మది నేరుగా లీటర్లలో కనపడుతుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి 10 గేజీ రాగి వైరు, బ్యాటరీకి ఆరంగుళాల లోపలే 25 ఆంపియర్ల ఫ్యూజు, వెనక 30 ఆంపియర్ల రిలే. మైనస్‌కి కూడా అంతే లావు వైరు, పెయింటు గీకిన బాడీ బోల్టుకి. ప్లస్ మార్చి మైనస్ వదిలేస్తే సగం పనే చేసినట్టు. రిలేని నడిపించే సిగ్నల్ ఎక్కడి నుంచి తీయాలన్నది ముఖ్యం. ఈ కారులో పంపు వేగాన్ని ఒక కంట్రోలర్ పెట్టె పల్సులతో తగ్గించి పెంచుతుంది. దాని అవుట్‌పుట్ నుంచి తీస్తే ఆ పల్సులకి రిలే టకటకా కొట్టుకుని కాంటాక్టులు మాడిపోతాయి. కంట్రోలర్‌కి వెళ్లే ఫీడు నుంచి తీయాలి. అది ఈసీయూ చేతిలో ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. తాళంతో ఆన్ అయ్యే వైరు ఏదో ఒకటి వాడేస్తే ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పంపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. దయచేసి అలా ఎవరూ చేయకండి.

మొదట కంట్రోలర్‌ని దాటేసి పంపుకి నేరుగా కరెంటు ఇచ్చాను. పై ప్రెషర్ కుదిరింది, ఐడిల్ చెడింది. రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం తీసి, స్క్రూ పూర్తిగా విప్పినా బేస్ 47 కన్నా దిగదు. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది చాలా కొద్ది, పంపు పంపినదంతా తిరిగి ట్యాంకుకి పోవాలి. పోయే దారిలో జెట్ పంపు సన్న రంధ్రం ఉంది. అక్కడ ఇరుకై వెనక ప్రెషర్ లేస్తోంది. దీనికి కొందరు ఆ రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేస్తారు. ఎడమ గుంట లాగడం ఆగిపోతే ఏమవుతుందో పైనే చెప్పాను, నేను ఆ జోలికి పోలేదు. కంట్రోలర్‌ని తిరిగి దారిలో పెట్టి, లావు వైరుని రిలే ద్వారా కంట్రోలర్ ఇన్‌పుట్‌కి ఇచ్చాను, దాని మైనస్ కూడా లావు చేశాను. ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, బేస్ 43.5 దగ్గర సెట్ అయింది. బూస్ట్‌లో పూర్తి వేగం, కనెక్టర్ దగ్గర 13.6 వోల్టులు. వేగం మారే చోట, లోడ్ ఇంకా తక్కువగా ఉన్నప్పుడు, ఒక క్షణం రెండు పీఎస్‌ఐ ఎక్కువ కనపడుతుంది. అది రిచ్ వైపు తప్పు, అక్కడ ఆక్సిజన్ సెన్సర్ సర్దుకుంటుంది. అరగంట నడిపాక కంట్రోలర్ పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగానే ఉంది. ట్యాంకు పైమూతలోని కనెక్టర్ పిన్నులు కూడా చూడాలి, ఎక్కువ కరెంటుకి ముందు కరిగేది ఆ ప్లాస్టిక్కే.

మళ్లీ డైనో. 19 బూస్ట్ దగ్గర 62, 6,500 దగ్గర బూస్ట్ 16కి 59. లాంబ్డా చివరిదాకా 0.79. నాక్ కరెక్షన్ (నాక్ వినపడితే ఈసీయూ టైమింగ్ తగ్గించే లెక్క) సున్నా, డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్ (నాక్ ఉంటే పడిపోయే అంకె) 1.0 నుంచి కదలలేదు. చక్రాల దగ్గర 311 హెచ్‌పీ. నాలుగు చక్రాల డ్రైవ్‌లో పోయేది లెక్కేస్తే అనుకున్న 380కి దగ్గరే.

ఎమిషన్ సంగతి. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు కానీ కాలిన్, డాలస్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ, వెనక సెన్సర్‌నీ ముట్టుకోలేదు, వాటిని తీసేయడం, పనిచేయకుండా చేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఈసీయూలో ఏది మార్చి ఎక్కించినా రెడీనెస్ మానిటర్లు (ఎమిషన్ భాగాల్ని కారు తనే పరీక్షించుకున్న రికార్డు) చెరిగిపోతాయి. వెంటనే పరీక్షకి వెళ్తే లోపం లేకపోయినా వెనక్కి పంపేస్తారు. చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టి, ఊళ్లో కొంత, హైవేలో స్థిరంగా కొంత, రెండు మూడు రోజులు నడిపి, మానిటర్లు నిండాయని స్కానర్‌లో చూసుకునే వెళ్లాలి.

హైదరాబాద్, విజయవాడల్లో ఇదే పని చేయాలనుకునేవాళ్లకి లెక్కలు మారవు, పరిస్థితులు మారతాయి. అక్కడ బంకులో దొరికేది ఈ20. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కారులో మార్పుల గురించే ఉంది, ముందు అది చదవండి. కొత్త టర్బో పెట్రోల్ కార్లలో చాలావాటికి డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. వాటిలో ట్యాంకు పంపు తర్వాత క్యామ్ తిప్పే హై ప్రెషర్ పంపు ఒకటి ఉంటుంది, చాలనిది ముందు అదే అవుతుంది. ఇక్కడ రాసిన ఇంజెక్టర్ పని వాటికి వర్తించదు. వోల్టేజీ, ప్రెషర్ కొలవడం మాత్రం వర్తిస్తుంది.

ఈ85 మీద మైలేజీ దాదాపు పావు వంతుకు పైగా తగ్గింది. చలి ఉదయాల్లో స్టార్ట్ అవడానికి క్రాంకింగ్ ఇంధనం పట్టిక కొంచెం పెంచాల్సి వచ్చింది. కాలని ఇథనాల్ ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి ఆయిల్ 3,000 మైళ్లకే మారుస్తున్నాను. పాత ట్యాంకు గోడల మీది మురికిని ఈ85 కడిగి సాక్‌లోకి తెస్తుంది, మొదటి నాలుగైదు ట్యాంకుల తర్వాత సాక్ ఒకసారి తీసి చూడాలి. నాది టీ పొడి పట్టిన వడకట్టు గుడ్డ రంగుకి వచ్చింది, మార్చేశాను. ప్రతి ఆయిల్ మార్పుకీ ఒక లాగ్ తీసి, రైలు ప్రెషర్ లోంచి బూస్ట్ తీసేస్తే 43 ఉందో లేదో చూస్తాను. రెండు పీఎస్‌ఐ తగ్గితే ముందు వెనక సీటు కింద మైనస్ బోల్టు, ఆ తర్వాత సాక్.